నాలుగు వందల పన్నెండు టిక్కులు

విశ్వవిద్యాలయంలో అందరూ ఆమెను టిక్కుల మేడం అనేవారు. వెనుక మాత్రమే, ఎదుటపడితే వట్టి మేడమే. ముప్పై ఒక్క సంవత్సరాలుగా గణితం బోధిస్తున్న ఆమె చేతిలోకి వచ్చిన ఏ జవాబు పత్రమూ ప్రతి పంక్తికీ ఒక ఎర్ర గుర్తు పడకుండా తిరిగి వెళ్ళలేదు. సరైన పంక్తికి టిక్కు, తప్పిన పంక్తికి అడ్డగీత, పుట అడుగున సున్న చుట్టిన మొత్తం. మార్కుల దగ్గర ఆమె చెయ్యి మహా బిగువు. అర మార్కు కోసం ప్రాధేయపడినవారెవరూ ఆ అర మార్కుతో గుమ్మం దాటలేదు. అలాగని సందేహం తీర్చుకోవడానికి వచ్చినవారిని ఆమె గడియారం చూసి పంపించిన రోజు కూడా లేదు.

పగటి తరగతుల కంటే సాయంకాలపు తరగతి మీద ఆమెకు మక్కువ ఎక్కువ. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. పాత భవనంలో కింది అంతస్తు, మూడో గది, ఆరు నుంచి ఎనిమిది వరకు. పగలంతా ఎక్కడెక్కడో పనిచేసి వచ్చినవారు ఇరవై ముగ్గురు అక్కడ కూర్చుంటారు. లిఫ్టులు బాగుచేసే అతను ఉన్నాడు, ఆసుపత్రి నర్సులు ఇద్దరున్నారు, మందుల పెట్టెలు చేరవేసే వ్యాను డ్రైవరున్నాడు. మొదటి బెంచీలో, యూనిఫారాలు కుట్టే కర్మాగారం నుంచి నేరుగా వచ్చే ముప్పై నాలుగేళ్ళ ఇల్లాలు కూర్చుంటుంది. కొలత టేపు మెడలోంచి తీయడం మరచిపోయి వచ్చేది కనుక తోటివారు ఆమెకు టేపమ్మ అని పేరు పెట్టారు. వంకర గీతల నడుమ ఉన్న వైశాల్యాన్ని టేపమ్మ ముందు కంటితో అంచనా కట్టి చెప్పేది, ఆ తరువాత లెక్క చేసేది. చాలాసార్లు రెండూ దగ్గర దగ్గరగా కుదిరేవి. అంచనాకు మార్కులుండవని మేడం చెబితే, "బట్ట కత్తిరించేటప్పుడు దానికే జీతమండీ," అని నవ్వేది.

ఒక సోమవారం నోటీసు బోర్డు మీద నాలుగు పంక్తుల కాగితం వెలిసింది. నిధుల కొరత కారణంగా వచ్చే విద్యాసంవత్సరం నుంచి సాయంకాలపు తరగతులు నిలిపివేస్తారట. మేడం ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. ఆ సాయంత్రం టేపమ్మ, "ఇంక ఒక్క ఏడాది ఉంటే పట్టా చేతికొచ్చేది మేడం," అని మాత్రం అంది. మేడం బోర్డు వైపు తిరిగి, తుడిచిన చోటనే మళ్ళీ తుడిచింది.

అధ్యాపకుల సంఘం అప్పటికి రెండేళ్ళుగా ఒక మాట చెబుతూ వస్తోంది. ప్రభుత్వం ఇచ్చే నిధులు ఏటికేడు కరిగిపోతున్నాయి, ఆ లోటంతా పిల్లల ఫీజుల మీద పడుతోంది. అందుకు బదులు, బాగా ఎక్కువ ఆదాయమున్నవారు ఒక గీత దాటిన సొమ్ము మీద కొంచెం ఎక్కువ పన్ను కట్టాలి. ఆ పన్ను ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకే వెళ్ళాలి. ఈ ప్రతిపాదనపై జనం ఓటు వేయాలంటే ముందుగా ముప్పై వేల మంది సంతకాలు ఎన్నికల కార్యాలయానికి చేరాలి. అవి గడువులోగా చేరితే, ఓటింగు ఫలితం తేలేవరకు సాయంకాలపు తరగతుల జోలికి పోమని రిజిస్ట్రారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

సంఘం కార్యదర్శి చరిత్ర బోధించే పెద్దాయన. మైకు అవసరం లేని గొంతు కాబట్టి మైకు మాస్టారని పిలిచేవారు. గ్రంథాలయం వెనుక, పరీక్షల హాలులోంచి తీసేసిన కుర్చీలతో నిండిన సంఘం గదిలో ఆయన వీధులు పంచిపెట్టారు.

"మొహమాటపడితే పనవదు. తలుపు తట్టాలి," అన్నారు.

"ఇల్లిల్లూ తిరిగి అడుక్కోవాలా మాస్టారూ?" అని వెనుక కుర్చీలోంచి ఒకరు అడిగారు.

"అడుక్కోవడం కాదు, అడగడం. మనకి రెండూ అలవాటు లేవు, అందుకే ఒకలాగే కనిపిస్తున్నాయి."

మేడం నాలుగు వీధులు తీసుకుంది. జవాబు తనకు ముందే తెలిసిన ప్రశ్నలు తప్ప ఆమె ఎవరినీ ఏదీ అడిగి ఎరుగదు. అందుచేత తలుపు తెరిచిన ప్రతివారికీ ముందుగా పాఠం చెప్పింది. పన్ను అంటే ఏమిటి, అంచెలు అంటే ఏమిటి, ఒక్కొక్క అంచె మీద రేటు ఎలా మారుతుంది, నిధులు ఏ ఏట ఎంత తగ్గాయి, ఇలా వరుసక్రమం తప్పకుండా చెప్పుకుంటూ పోయేది. కొందరు నమ్మి సంతకం చేశారు. కొందరు పాఠం ముగుస్తుందని చేశారు. మొత్తానికి పందొమ్మిది రోజుల్లో నాలుగు వందల పన్నెండు సంతకాలు పోగయ్యాయి. సంఘంలో మరెవ్వరికీ అన్ని రాలేదు.

ఇంటికి రాగానే ఆమె భోజనాల బల్ల మీద ఆ పత్రాలను పరచుకొని, ఎర్ర పెన్ను తీసి, ఒక్కొక్క సంతకం పక్కన ఒక్కొక్క టిక్కు పెట్టేది. పుట అడుగున మొత్తం వేసి సున్న చుట్టేది. పోస్టాఫీసులో పనిచేసి విరమించిన ఆమె భర్త కూరగాయలు తరుగుతూ ఒకసారి తల ఎత్తి చూశాడు.

"ఎవరైనా ఫెయిలయ్యారా?"

"మీ వేళాకోళానికేం గాని, ఉల్లిపాయలు సన్నగా తరగండి. నేను లెక్క సరిచూసుకుంటున్నాను."

ఆ పత్రాలన్నీ మైకు మాస్టారి చేతుల మీదుగా మొదటి విడతలో ఎన్నికల కార్యాలయానికి వెళ్ళాయి. వెళ్ళేముందు సంఘంలో ముగ్గురు ఆచార్యులు వాటిని తిరగేశారు. ఒక్కరికీ ఏ అనుమానమూ రాలేదు. టిక్కు లేని కాగితమైతే వారికి వింతగా తోచి ఉండేదేమో!

వారం తిరగకుండా మైకు మాస్టారు కబురు పంపారు. మేడం వెళ్ళేసరికి ఆయన ముందు ఆమె కట్ట ఉంది. దానిమీద బూడిదరంగు చీటీ అంటించి ఉంది. ఆయన ఎన్నడూ లేనిది గొంతు తగ్గించి మాట్లాడారు.

"కూర్చోండి మేడం."

"ఫరవాలేదు. ఏమైంది?"

"మీ పత్రాలు వెనక్కి వచ్చాయి. అన్నీ."

"సంతకాలు దొంగవా?"

"సంతకాలు బంగారంలా ఉన్నాయి. టిక్కులే... సంతకం చేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ కాగితం మీద ఏ గుర్తూ పెట్టకూడదట. పత్రం వెనుక ఏడో సూచన."

ఏడో సూచన ఆమె చదవకపోలేదు. పరీక్షల హాలులో అడుగుపెట్టిన ప్రతిసారీ, ముందు సూచనలు చదవండి అని హెచ్చరించిన మనిషి. చదివింది, అర్థం చేసుకుంది, బుద్ధిగా పాటించాననే అనుకుంది. టిక్కు కూడా ఒక గుర్తే అన్న ఆలోచన ఆమెకు తట్టలేదు. ఊపిరి తీసుకోవడాన్ని ఎవరైనా పని కింద జమకడతారా? ఆమెకు టిక్కు పెట్టడమూ అటువంటిదే.

"నేనూ చూశాను కదండీ," అన్నారు మైకు మాస్టారు. "ఎంత శుభ్రంగా ఉన్నాయో అని మెచ్చుకున్నాను కూడా. తప్పు మీ ఒక్కరిదే ఎలా అవుతుంది?"

"పెన్ను నాది," అంది ఆమె. "ఇప్పుడు మనకెన్ని తక్కువ?"

"అందరివీ కలిపి చూస్తే మూడు వందల ఆరు. గడువు పది రోజులుంది. కుర్రాళ్ళనెవరినైనా పంపిస్తాను, మీరు కాస్త..."

"నా వీధులు నేనే తిరుగుతాను."

"మళ్ళీ అవే గుమ్మాలా? ఏమని అడుగుతారు?"

"జరిగింది చెప్పి అడుగుతాను."

అనడం తేలికగానే అంది. మరునాడు మొదటి గుమ్మం ముందు తలుపు తట్టబోయి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుంది. అది బస్సు డ్రైవరుగా పనిచేసి మానేసిన ఒక పెద్దాయన ఇల్లు. ఆయన దినపత్రికను నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకొని తలుపు తీశాడు.

"కొన్ని సాంకేతిక కారణాల వల్ల," అని మొదలుపెట్టింది మేడం, "మునుపటి పత్రాలు చెల్లుబాటు కాలేదు. కాబట్టి మరొకసారి..."

"సాంకేతికమంటే?"

"అంటే... నిబంధనలకు అనుగుణంగా లేకపోవడం."

"ఎవరివల్ల?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ ప్రశ్న ఆమె ఎందరినో అడిగింది. అవతలి గట్టున నిలబడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

"నావల్ల. పొరపాటు నాది. మీ సంతకం పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను. అలా పెట్టకూడదు."

పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత భుజాలు కదిలిపోయేలా నవ్వాడు.

"నాకా? టిక్కా? బడిలో చదివినన్నాళ్ళూ ఒక్కటి పడలేదండీ నాకు. ఏమేవ్, ఇలా రా, నాకు టిక్కు పడిందట."

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "పడితే పడింది. ఎన్నోసారికి పడిందో అది అడుగు."

సంతకం చేయబోయి ఆయన పెన్ను ఆపాడు. "ఒకటి అడగనా? ఈ పన్ను నా పెన్షన్ మీద పడుతుందా? మొన్ననే అడుగుదామనుకున్నా. మీరు అంత చెప్పాక ఇంకా అర్థం కాలేదంటే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను."

"పడదు. మీ పెన్షన్ లాంటివి ఇరవై కలిపినా ఆ గీత దాకా రావు."

"అంతేనా? ఈ ముక్క మొన్నే చెప్పి ఉంటే పావుగంట కలిసొచ్చేది కదండీ."

మేడం బయటికి వచ్చి మెట్ల మీద ఒక్క నిమిషం ఆగింది. తొలిసారి తిరిగినప్పుడు ఈ వీధిలో ఆమె ఎవరినీ, మీకేమైనా సందేహముందా అని అడగలేదు. తరగతిలో ప్రతిరోజూ అడిగే మాట అది. గుమ్మం ముందు ఎందుకు మరచిపోయిందో ఆమెకే తెలియదు.

అక్కడినుంచి పద్ధతి మారింది. ముందు పొరపాటు చెప్పడం, తరువాత అవతలివారు ఏమడుగుతారో వినడం. నాలుగో రోజు నుంచి టేపమ్మ కూడా కర్మాగారంలో రోజూ ఒక పూట సెలవు పెట్టి తోడు వచ్చింది. ఆ నాలుగు వీధుల్లో ఒకటి ఆమె ఉంటున్నదే.

"మేడం, మీరేమీ అనుకోనంటే ఒకటి చెప్తాను. మొన్న మీరు వచ్చినప్పుడు మావాళ్ళు ఏదో తనిఖీ అనుకున్నారు. పక్కింటావిడ కరెంటు బిల్లు కూడా తీసి పట్టుకుంది."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

"ఇప్పుడు ముందే తెలిసిపోతోందండీ. టిక్కుల మేడం వస్తోందని చెప్పుకుంటున్నారు."

ఆ పేరు ఆమె చెవిన పడటం అదే మొదలు. "ఎవరు పెట్టారు ఆ పేరు?" అని నిలదీసింది.

"మాకేం తెలుసండీ," అంటూ టేపమ్మ చటుక్కున పక్కింటి కాలింగ్ బెల్లు నొక్కింది.

అన్ని తలుపులూ తెరుచుకోలేదు. రెండు ఇళ్ళవారు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఒకాయన, ఒకసారి పెట్టాం చాలని, మాట పూర్తికాకముందే తలుపు వేశాడు. మరొకావిడ, డబ్బున్నవాళ్ళ జోలికి పోతే కొట్లు మూసుకుపోతారు, మాకు పనులు పోతాయి అంది. మేడం ఆమెతో వాదించలేదు; ఆ భయం అబద్ధమని తేల్చిచెప్పే లెక్క తన దగ్గర లేదని ఒప్పుకుంది. ఆవిడ సంతకం పెట్టలేదు కాని, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఎనిమిదో రోజు సాయంత్రానికి మూడు వందల నలభై సంతకాలు చేరాయి. చేరవలసిన మూడు వందల ఆరు దాటాయి. అయినా రెండు చోట్ల సంతకం చేసినవారినీ, చిరునామా కుదరనివారినీ కార్యాలయం కొట్టివేస్తుందని, ఎన్ని వస్తే అంత మంచిదని మైకు మాస్టారు చెప్పి ఉన్నారు.

తొమ్మిదో రోజున ఇంకొక్క ఇల్లు మిగిలింది. అది ఆమె అక్కగారిల్లు. కింద బావగారి టైల్సు దుకాణం, పైన కాపురం. మొదటిసారి బావగారు దుకాణంలో ఉన్న సమయంలో, అక్క వంటింట్లో నిలబడి గబగబా సంతకం గీకేసింది. ఆ గీత దాటే ఆదాయమున్నవాడు తమ బంధువర్గం మొత్తంలో ఆయన ఒక్కడే. ఈసారి ఆదివారం. ఆయన హాల్లోనే, వేణ్ణీళ్ళ బేసినులో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు.

"రా టీచరమ్మా. నా జేబు కత్తిరించడానికేనా?"

"కత్తెర తేలేదు బావగారూ. కాగితమే తెచ్చాను."

వంటింటి గుమ్మంలోంచి అక్క కళ్ళతోనే సైగ చేసింది, లోపలికి రమ్మని. మేడం ఒక్క క్షణం తటపటాయించింది. లోపలికి వెళితే అర నిమిషంలో పని అయిపోతుంది. అయితే ఎనిమిది రోజులుగా ఊళ్ళోవాళ్ళ గుమ్మాల్లో నిజం చెప్పి, సొంత అక్క ఇంట్లో గుసగుసలాడటం ఆమెకు మనస్కరించలేదు. కుర్చీ లాక్కొని బావగారి ఎదురుగానే కూర్చుంది.

"అక్క సంతకం కోసం వచ్చాను. ఒకసారి పెట్టింది. నా పొరపాటు వల్ల అది పోయింది."

బావగారు మెల్లగా తల తిప్పాడు. "ఎప్పుడు పెట్టావేమిటి?"

"మీరు కొట్లో ఉన్నప్పుడు," అంది అక్క. "పెన్ను మాత్రం మీదే."

"బాగుంది. పెన్నూ నాదే, పన్నూ నాదే." ఆయన మరదలి వైపు తిరిగాడు. "ఇదిగో చూడు, ఆ గీత ఒక్క రూపాయి దాటినా మొత్తం ఆదాయం మీద పెంచేస్తారట కదా. మా వర్తకులంతా అదే అంటున్నారు."

"మీ కొట్లో వంద పెట్టెల వరకు ఒక ధర కదా?"

"ఔను."

"నూట ఒకటో పెట్టె నుంచి తగ్గింపు ఇస్తారు. నూట ఒకటి కొన్నాయన, మొదటి వందకి కూడా తగ్గించమంటే తగ్గిస్తారా?"

"చస్తే తగ్గించను. పైవాటికే."

"ఈ పన్నూ పైవాటికే."

బావగారు బేసినులో కాళ్ళ వేళ్ళు కదిలిస్తూ ఆలోచించాడు. దుకాణంలో పెద్ద బేరం వచ్చినప్పుడు కూడా ఆయన అలాగే ఆలోచిస్తాడు.

"సరే, అర్థమైంది. అర్థమైంది కాబట్టే నేను పెట్టను. ఆ పై పెట్టెలు నావే కదా."

"మిమ్మల్ని పెట్టమని నేను అనలేదు," అంది మేడం.

అక్క చీరచెంగుతో చెయ్యి తుడుచుకొని వచ్చి, భర్త జేబులోంచి పెన్ను తీసి, ఈసారి నింపాదిగా, పొల్లుతో సహా పూర్తి పేరు రాసి సంతకం చేసింది. ఆయన అడ్డు చెప్పలేదు. చూస్తూ చూస్తూ మరదలి పాదాల మీద ఆయన చూపు ఆగింది. చెప్పుల పట్టీలు ఎర్రగా అచ్చు పడ్డాయి.

"ఎన్ని మెట్లెక్కావు ఈ పది రోజుల్లో? ఏమేవ్, ఈ నీళ్ళు మార్చి కాస్త వేడివి తీసుకురా. సంతకం ఇవ్వకపోయినా వేణ్ణీళ్ళయినా ఇస్తాం."

చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మేడం, టేపమ్మ, మైకు మాస్టారు ఎన్నికల కార్యాలయం కిటికీ ముందు నిలబడ్డారు. మునుపు బూడిదరంగు చీటీ రాసిన గుమాస్తా ఆవిడే కూర్చుని ఉంది. కళ్ళజోడు సర్దుకొని, ఒక్కొక్క పత్రాన్నీ వెలుతురుకు ఎత్తి చూసింది. అటూ ఇటూ తిప్పింది. ఆ సేపంతా మేడం చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది.

"ఈసారి ఎవరూ దిద్దలేదా?" అంది గుమాస్తా.

"దిద్దాలని చాలాసార్లు అనిపించింది."

"మరి?"

"పెన్ను మా ఆయనకి ఇచ్చి దాచమన్నాను. ఎక్కడ పెట్టారో ఆయనే మరచిపోయారు. ఇప్పుడు ఇల్లంతా వెతుకుతున్నారు."

గుమాస్తా నవ్వలేదు కాని, ముద్ర వేసేటప్పుడు కాస్త గట్టిగానే వేసింది.

పన్నెండు రోజుల తరువాత లెక్క తేలింది. రెండుసార్లు పెట్టినవి, చిరునామా కుదరనివి పోగా, ముప్పై వేల మీద పందొమ్మిది మిగిలాయి. ఓటింగుకు ఇంకా ఏడు నెలలు ఉంది. అందులో ఏమవుతుందో ఎవరికీ తెలియదు. బావగారి దుకాణం గోడ మీద వద్దని చెప్పే పోస్టరు ఒకటి అప్పటికే వెలిసింది. నోటీసు బోర్డు మీద పాత కాగితం తీసి, సాయంకాలపు తరగతులు ప్రస్తుతానికి యథాతథమని మరొక కాగితం అంటించారు. మేడం దాన్ని కూడా రెండుసార్లు చదివింది.

ఆ వారం మూడో గదిలో ఆమె పరీక్ష పత్రాలు తిరిగి ఇచ్చింది. ఎర్ర పెన్ను బియ్యం డబ్బాలో దొరికింది కాబట్టి టిక్కులన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి. ఇరవై ముగ్గురూ తమ తమ మొత్తాలు చూసుకుంటుండగా టేపమ్మ పత్రం పట్టుకొని బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, నాలుగో లెక్కలో అర మార్కు తక్కువ పడిందండీ."

మిగిలినవారంతా పత్రాల మీంచి తలెత్తి చూశారు. అర మార్కు గురించి ఆ బల్ల దగ్గరికి వెళ్ళినవారి గతి ఏమిటో అందరికీ తెలుసు. మేడం పత్రం తీసుకొని, వేలితో పంక్తి వెంట పంక్తి దిగుతూ వచ్చి, ఐదో పంక్తి దగ్గర ఆగింది. అక్కడ అడ్డగీత ఉంది. ఉండకూడదు.

"పొరపాటు నాది," అని ఆ గీత కొట్టివేసి, పక్కన టిక్కు పెట్టి, అడుగున ఉన్న మొత్తాన్ని మార్చి మళ్ళీ సున్న చుట్టింది. తరువాత తల ఎత్తి, తరగతి వైపు చూసి అడిగింది.

"ఇంకెవరికైనా సందేహముందా?"

పదకొండు చేతులు లేచాయి.